టీ తాగొచ్చేలోపు ఏం జరిగింది? మీ కంప్యూటర్‌కి ఆటో లాక్ పెట్టారా?

అల్లూరు నుంచి మాట్లాడుతున్నాను.

మీ చేతిలో ఉన్న ఫోన్‌ని కాసేపు పక్కన పెడితే ఏమవుతుంది? 30 సెకన్లకో, నిమిషానికో స్క్రీన్ ఆరిపోతుంది. మళ్లీ తెరవాలంటే వేలిముద్ర అడుగుతుంది, లేదా పిన్ అడుగుతుంది. ఇది మనకి ఎవరూ క్లాసు పెట్టి నేర్పలేదు. ఫోన్ కొన్న రోజు నుంచే అలవాటైపోయింది. తమ్ముడు ఫోన్ అడిగినా లాక్ తీసి ఇవ్వడానికి ఆలోచిస్తాం.

కానీ అదే మనం, ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే? జీమెయిల్ తెరిచి ఉంటుంది. వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటుంది. డ్రైవ్‌లో ఆధార్, మార్కుల లిస్టు, ఇంటి పత్రాలు అన్నీ ఉంటాయి. అమ్మ అన్నానికి పిలిస్తే అలాగే లేచి వెళ్లిపోతాం. ఫోన్‌కి తాళం వేశాం, ఫోన్‌లో ఉన్నదంతా కంప్యూటర్‌లో తెరిచి పెట్టాం. ఈ వీడియోలో దాని గురించే మాట్లాడుకుందాం. ముందు నా వల్ల జరిగిన ఒక తప్పు చెప్తాను. తర్వాత ఎవరి కంప్యూటర్‌లో ఏ సెట్టింగ్ మార్చుకోవాలో ఒక్కొక్కటిగా చెప్తాను.

కొన్నేళ్ల కిందట డిగ్రీ సెలవుల్లో నేను మా ఊళ్లో ఒక నెట్ సెంటర్‌లో కూర్చునేవాణ్ణి. జిరాక్సులు, కరెంటు బిల్లులు, పాన్ కార్డు అప్లికేషన్లు, ఇలాంటి పనులన్నీ చేసేవాణ్ణి. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ టైమ్ వస్తే మాత్రం పొద్దున్నుంచి రాత్రి దాకా ఖాళీ ఉండదు. వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ల పిల్లలందరూ వస్తారు.

అలా ఒకరోజు మా పిన్నమ్మ, చిన్నాన్న, వాళ్లమ్మాయి వచ్చారు. వాళ్లది ఇస్కపల్లి వైపు. చిన్నాన్న రొయ్యల గుంటల దగ్గర పని చేస్తాడు. ఆ రోజు పని మానుకుని వచ్చాడు. చెల్లికి మంచి ర్యాంకే వచ్చింది. వాళ్లకి కావాల్సింది ఒకటే. నెల్లూరు పక్కన కాలేజీ అయితే రోజూ బస్సులో పోయి రావచ్చు, హాస్టల్ ఖర్చు ఉండదు. కాబట్టి నెల్లూరు కాలేజీలు ముందు పెట్టాం, తర్వాత కావలి, గూడూరు, తిరుపతి. లిస్టు నిండుగా ఉండాలని చివర్లో ఎక్కడెక్కడివో దూరం కాలేజీలు కూడా పెట్టాం. వెబ్ ఆప్షన్లలో వరస నంబరే అన్నీ. ఒకటో నంబర్ ఏది పెడితే ముందు దాన్నే చూస్తుంది, మీ ర్యాంకుకి అది వస్తే ఇక కింద ఉన్నవాటి జోలికే పోదు. ఇది గుర్తుపెట్టుకోండి, అసలు సంగతి ఇక్కడే ఉంది.

సేవ్ కొట్టాను. ప్రింట్ తీసిచ్చాను. వాళ్లు ఒకటికి రెండుసార్లు చూసుకుని ఇంటికి పోయారు. నేను ఎదురుగా ఉన్న టీ కొట్టుకి పోయాను. లాగౌట్ చేయలేదు. కంప్యూటర్ లాక్ చేయలేదు. ఎందుకంటే, ఐదు నిమిషాల్లో వచ్చేస్తా కదా! మాటల్లో పడి రెండో టీ కూడా తాగాను. తిరిగి వచ్చి చూస్తే ఆ ట్యాబ్ మూసి ఉంది. నేనే మూసి ఉంటానులే అనుకుని తర్వాత వచ్చిన వాళ్ల పని మొదలుపెట్టాను.

సీట్లు ఇచ్చిన రోజు పిన్నమ్మ ఫోన్ చేసింది. "అబ్బయ్యా, యాడో ఉత్తరాంధ్రలో సీటు వచ్చింది అంటాంది, ఏందిరా ఇది?" అని. చూస్తే నిజమే. మేము లిస్టులో చిట్టచివర్న పెట్టిన కాలేజీ అది. అదే క్లాసులో చదివిన ఇంకో అమ్మాయికి, చెల్లి కంటే వెనక ర్యాంకు, అదే కేటగిరీ, నెల్లూరు కాలేజీలో వచ్చింది. చెల్లి చేతిలో ప్రింట్ కాగితం ఉంది, దాంట్లో ఒకటో నంబర్ నెల్లూరే ఉంది. అందరూ సర్వర్ తప్పు అన్నారు. నేను కూడా సర్వర్ తప్పే అన్నాను. నిజం చెప్పాలంటే అది సర్వర్ తప్పు అయితే బాగుండు అని నాకు లోపల ఉండింది.

ఆ రాత్రి క్రోమ్ హిస్టరీ తీసి చూశాను. ప్రింట్ తీసింది 11 గంటల 20 నిమిషాలకి. ఆ తర్వాత 11:33కి మళ్లీ అదే ఆప్షన్ల పేజీ, మళ్లీ సేవ్ అయిన పేజీ. ఆ టైమ్‌లో నేను ఎక్కడున్నాను? నా ఫోన్‌లో యూపీఐ పేమెంట్లు చూసుకున్నాను. మొదటి టీకి కొట్టింది 11:26. రెండో టీకి 11:41. అంటే ఆ 11:33కి ఆ కుర్చీలో కూర్చుని ఉన్నది నేను కాదు.

మా వీధిలో తొమ్మిదో తరగతి పిల్లోడు ఒకడు గేమ్ ఆడుకోవడానికి వచ్చేవాడు. ఆ రోజు వాడు ఒక్కడే లోపల ఉన్నాడు. అడిగితే ఏడుపు మొహం పెట్టి చెప్పాడు. "అన్నా, ఊరికే నొక్కినా. కింద నంబర్ తీసి ఒకటి అని కొడితే మారింది. సేవ్ అని ఉంటే కొట్టినా. నువ్వే కదన్నా తెరిచిపెట్టి పొయ్యింది."

వాణ్ణి కొట్టాలనిపించింది. కానీ వాడు అన్న మాటలో తప్పు వెతికితే దొరకలేదు. ఆ సైట్‌కి పాస్‌వర్డ్ ఉంది. లాగిన్ ఐడీ ఉంది. అన్ని తాళాలూ ఉన్నాయి. అవన్నీ నేనే తీసి, తలుపు బార్లా తెరిచి, టీకి పోయాను.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు పిన్నమ్మ వాళ్ల ఇంటికి పోయి, తప్పు సర్వర్‌ది కాదు, నాది అని చెప్పాను. పిన్నమ్మ "పోనీలే నాయనా, కావాలని చేసినావా" అనింది. చిన్నాన్న ఏం అనలేదు. ఆ ప్రింట్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి పోయాడు. రెండో విడత కౌన్సెలింగ్‌లో చెల్లికి నెల్లూరు పక్కనే సీటు వచ్చింది, కానీ అప్పటికి కంప్యూటర్స్ సీట్లు అయిపోయాయి. వేరే బ్రాంచి తీసుకుంది. ఈ సంగతి వీడియోలో చెప్పనా అని తననే అడిగాను. "చెప్పన్నా, కానీ కథ చెప్పి వదిలెయ్యొద్దు. లాక్ ఎట్లా పెట్టుకోవాలో కూడా చెప్పు" అనింది. కాబట్టి ఇప్పుడు అదే చెప్తున్నాను.

ముందు ఒక విషయం అర్థం చేసుకుందాం. పాస్‌వర్డ్ ఏం చేస్తుంది? లోపలికి వచ్చేటప్పుడు మీరు మీరేనా అని అడుగుతుంది. ఒక్కసారే అడుగుతుంది. ఆ తర్వాత కీబోర్డు మీద ఎవరి వేళ్లు ఉన్నా కంప్యూటర్‌కి తెలియదు. దాని లెక్కలో అది మీరే. అందుకే మీ పాస్‌వర్డ్ 20 అక్షరాలు ఉన్నా, తెరిచిన స్క్రీన్ ముందు దాని విలువ సున్నా.

చాలామంది అంటారు, క్రోమ్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు చూడాలంటే విండోస్ పిన్ అడుగుతుంది కదా, ఇంకేం భయం అని. నిజమే, చూడాలంటే అడుగుతుంది. కానీ సైట్ తెరిస్తే పాస్‌వర్డ్ దానంతట అదే నిండిపోతుంది, అప్పుడు మామూలుగా ఏమీ అడగదు. వచ్చినవాడికి మీ పాస్‌వర్డ్ తెలియాల్సిన పనే లేదు. ఇంకోటి, మీ జీమెయిల్ తెరిచి ఉంటే, ఏ సైట్‌లో అయినా ఫర్‌గాట్ పాస్‌వర్డ్ అని కొడితే ఆ లింకు వచ్చేది ఎక్కడికి? ఆ మెయిల్‌కే. ఫోన్ మెసేజ్‌లు కూడా కంప్యూటర్‌లో కనపడేలా పెట్టుకుని ఉంటే ఓటీపీ కూడా అదే స్క్రీన్ మీదకి వస్తుంది. ఇంటి తాళాలన్నీ ఒకే మేకుకి తగిలించి, ఆ మేకు వీధి గుమ్మానికి కొట్టినట్టు.

ప్రపంచంలో దీనికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 2013 అక్టోబర్ 1, అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో. గ్లెన్ పార్క్ అనే చోట ఒక పబ్లిక్ లైబ్రరీ. రాస్ ఉల్‌బ్రిక్ట్ అనే అతను అక్కడ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. సిల్క్ రోడ్ అనే, ఇంటర్నెట్‌లో డ్రగ్స్ అమ్మే పెద్ద బజారుని నడిపింది అతనే. ఎఫ్‌బీఐ వాళ్లకి అతను ఎవరో తెలుసు. కానీ వాళ్ల భయం ఒకటే. ల్యాప్‌టాప్ మూత మూశాడంటే అంతా ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, లోపల ఏముందో తీయడం కష్టం. అందుకని ఇద్దరు ఏజెంట్లు భార్యాభర్తల్లాగా అతని వెనకే గొడవ పెట్టుకున్నారు. అతను తల తిప్పి చూశాడు. ఆ క్షణంలో ల్యాప్‌టాప్ లాగేసుకున్నారు, తెరిచి ఉన్నది తెరిచి ఉన్నట్టే. సైట్ నడిపే అకౌంట్‌లో లాగిన్ అయి ఉన్నాడు.

అతను దొరకడం చట్టం వైపు నుంచి మంచిదే, దాని గురించి కాదు నేను చెప్పేది. పోలీసులు అంత ప్లాన్ వేసింది పాస్‌వర్డ్ పగలగొట్టడానికి కాదు. తెరిచిన స్క్రీన్ కోసం. అంత జాగ్రత్తపరుడి దగ్గరే అది దొరికిందంటే, ప్లేట్ తీసుకుని అన్నానికి లేచే మన దగ్గర దొరకడం ఎంతసేపు?

సరే, ఇప్పుడు సెట్టింగ్‌లు. మొదటిది, చేత్తో వేసే తాళం. విండోస్‌లో కీబోర్డు మీద కిటికీ గుర్తు ఉన్న కీ పట్టుకుని ఎల్ నొక్కండి. అంతే. విండోస్ ఎక్స్‌పీ రోజుల నుంచీ, అంటే 2001 నుంచీ ఉంది ఇది. మ్యాక్ అయితే కంట్రోల్, కమాండ్, క్యూ మూడూ కలిపి. ఉబుంటు అయితే అదే కిటికీ కీ, ఎల్. క్రోమ్‌బుక్ అయితే సెర్చ్ కీ, ఎల్. లాక్ చేస్తే డౌన్‌లోడ్ ఆగిపోతుందేమో అని చాలామందికి భయం. ఆగదు. లాక్ అంటే ముందు తలుపు వేయడమే, లోపల పనులన్నీ నడుస్తూనే ఉంటాయి. డౌన్‌లోడ్ ఆగేది స్లీప్‌లోకి పోతే. లాక్ వేరు, స్లీప్ వేరు, షట్‌డౌన్ వేరు.

కానీ చేత్తో వేసే తాళం మర్చిపోతాం. నేను మర్చిపోయింది అదే. అందుకే రెండోది, దానంతట అది పడే తాళం. విండోస్‌లో స్టార్ట్ నొక్కి స్క్రీన్ సేవర్ అని టైప్ చేయండి. చేంజ్ స్క్రీన్ సేవర్ అని వస్తుంది. అందులో బ్లాంక్ ఎంచుకోండి. వెయిట్ అన్న చోట నిమిషాలు పెట్టండి. పక్కనే ఆన్ రెజ్యూమ్, డిస్‌ప్లే లాగాన్ స్క్రీన్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది. చాలామంది వదిలేసేది ఆ టిక్కే. అది పెట్టకపోతే స్క్రీన్ నల్లబడుతుంది, మౌస్ కదిపితే మళ్లీ మొత్తం తెరుచుకుంటుంది. అది తాళం కాదు, గుమ్మానికి దుప్పటి కప్పడం.

అసలు స్క్రీన్ సేవర్ పుట్టింది కూడా తాళం కోసం కాదు. పాత టీవీ గొట్టం లాంటి మానిటర్లలో ఒకే బొమ్మ గంటలకొద్దీ ఉంటే అద్దం మీద దాని మచ్చ పడిపోయేది. 1983 డిసెంబర్‌లో సాఫ్ట్‌టాక్ అనే పత్రికలో జాన్ సోచా అనే ప్రోగ్రామర్ ఒక చిన్న ప్రోగ్రామ్ ఇచ్చాడు. మూడు నిమిషాలు ఎవరూ కీ నొక్కకపోతే స్క్రీన్ నల్లగా చేస్తుంది. అప్పుడు స్క్రీన్‌ని కాపాడటానికి పెట్టిన టైమర్, ఇప్పుడు మనల్ని కాపాడుతుంది.

మూడోది, సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో సైన్ ఇన్ ఆప్షన్స్. ముందు మీ కంప్యూటర్‌కి పాస్‌వర్డో పిన్నో ఉందా చూడండి. అది లేకపోతే పైన చెప్పినవన్నీ దండగ. ఎంటర్ కొడితే తెరుచుకుంటుంది. అదే పేజీలో, మీరు దూరంగా పోయి వస్తే మళ్లీ ఎప్పుడు సైన్ ఇన్ అడగాలి అని ఉంటుంది. నెవర్ అని ఉంటే మార్చండి. స్లీప్ నుంచి లేచినప్పుడు అడిగేలా పెట్టండి. మ్యాక్ వాళ్లు సిస్టమ్ సెట్టింగ్స్‌లో లాక్ స్క్రీన్‌కి పోయి, స్క్రీన్ ఆరగానే పాస్‌వర్డ్ అడగాలి అన్నదానికి ఇమ్మీడియట్లీ పెట్టుకోండి.

ఎన్ని నిమిషాలు పెట్టాలి? కార్డు పేమెంట్లు చూసే కంపెనీలకి ఒక అంతర్జాతీయ రూల్ ఉంది, పీసీఐ డీఎస్ఎస్ అంటారు. 15 నిమిషాలకి మించి ఖాళీగా ఉంటే మళ్లీ లాగిన్ అడగాలి అంటుంది అది. అది గరిష్ఠం. ఇంట్లో మీ గదిలో అయితే 5 నిమిషాలు పెట్టండి. హాస్టల్ గది అయితే 2. షాపు కౌంటర్, నెట్ సెంటర్ అయితే 1. నా లెక్క చూడండి. నేను లేచింది 11:26 లోపు, వాడు సేవ్ కొట్టింది 11:33. 15 నిమిషాల లాక్ ఉన్నా నాకు పనికొచ్చేది కాదు. 2 నిమిషాలు ఉండుంటే చెల్లి సీటు మారేదే కాదేమో.

ఏమో అని ఎందుకంటున్నానంటే, ఈ టైమర్‌కి ఒక లోపం ఉంది. అది మనిషిని చూడదు. కీబోర్డు, మౌస్ కదిలాయా లేదా అని మాత్రమే లెక్కపెడుతుంది. నేను లేచిన మరుక్షణం వాడు వచ్చి మౌస్ పట్టుకుంటే టైమర్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఇంకోటి, సినిమానో యూట్యూబ్ వీడియోనో నడుస్తుంటే, స్క్రీన్ ఆర్పొద్దు అని ఆ ప్లేయరే కంప్యూటర్‌కి చెప్తుంది. అప్పుడు స్క్రీన్ సేవర్ రాదు, లాక్ పడదు. పాటలు పెట్టుకుని పని చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. కాబట్టి లేచేటప్పుడు చేత్తో తాళం, మర్చిపోతే ఆటో తాళం. రెండూ ఉండాలి.

నాలుగోది మీ ఫోన్‌తో చేసే పని, మీకు ఇదే నచ్చుతుంది. విండోస్‌లో డైనమిక్ లాక్ అని ఉంది, 2017లో వచ్చింది. ఫోన్‌ని బ్లూటూత్‌లో కంప్యూటర్‌తో జత చేసి, సైన్ ఇన్ ఆప్షన్స్‌లో డైనమిక్ లాక్ టిక్ పెట్టండి. మీరు ఫోన్ జేబులో పెట్టుకుని దూరంగా పోతే, సిగ్నల్ తెగిన కాసేపటికి, అటూఇటూగా ఒక నిమిషంలో, లాక్ పడిపోతుంది. బాగుంది కదా? కానీ దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. బ్లూటూత్ పది మీటర్ల దాకా అందుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. టీ కొట్టు రోడ్డుకి ఇవతల ఉంటే మీరు పోయినట్టు దానికి తెలియదు. ఫోన్ చార్జింగ్‌కి పెట్టి కంప్యూటర్ పక్కనే వదిలేసి పోతే అసలే తెలియదు.

ఇక మీది కాని కంప్యూటర్ సంగతి. నెట్ సెంటర్, కాలేజీ ల్యాబ్, ఫ్రెండ్ ల్యాప్‌టాప్. అక్కడ మీరు లాక్ పెట్టలేరు, తర్వాత ఇంకొకరు కూర్చోవాలి. అక్కడ ఒకటే పద్ధతి. ఇన్‌కాగ్నిటో విండోలో పని చేసుకోండి, లేచే ముందు లాగౌట్ కొట్టండి, ఆ విండోలన్నీ మూసేయండి. ప్రింట్ చేతికి వచ్చిందని లేచిపోవద్దు. లాగౌట్ అయిన పేజీ కళ్లతో చూసి లేవండి. ఆ నెట్ సెంటర్ అన్న మీ సొంత అన్న అయినా సరే. ముఖ్యంగా వెబ్ ఆప్షన్లు పెట్టుకునే పిల్లలు, గడువు ముగిసేలోపు ఇంకోసారి ఇంటి నుంచి ఫోన్‌లో లాగిన్ అయి వరస నంబర్లు చూసుకోండి.

ఎక్కడైనా వాట్సాప్ వెబ్ తెరిచి మర్చిపోయి ఉంటే, ఫోన్‌లో వాట్సాప్ తెరిచి లింక్డ్ డివైసెస్ చూడండి. మీకు తెలియని కంప్యూటర్ ఉంటే దాన్ని నొక్కి లాగౌట్ చేయండి. మీ సొంత కంప్యూటర్‌లో అయితే వాట్సాప్ వెబ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీలో యాప్ లాక్ అని ఉంది, దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీలోకి పోతే మీ డివైసెస్ లిస్టు ఉంటుంది. ఎప్పుడో ల్యాబ్‌లో తెరిచింది కూడా అక్కడ కనపడొచ్చు. తీసేయండి.

చివరిగా, స్క్రీన్ తెరిచి కనపడితే ఫ్రెండ్ పేరుతో మెసేజ్ పెట్టే సరదా మనందరికీ ఉంది. ఐటీ ఆఫీసుల్లో కూడా ఉంది, లాక్ వేయకుండా లేస్తే "ఈరోజు బిర్యానీ నాది" అని వాడి మెయిల్ నుంచే టీమ్ మొత్తానికి పోతుంది. నవ్వుకుంటాం. కానీ 2000 నాటి ఐటీ చట్టంలో 66సి సెక్షన్ ఉంది. మోసం చేసే ఉద్దేశంతో ఇంకొకరి పాస్‌వర్డ్ లాంటి గుర్తింపు వాడితే 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. సరదా ఎక్కడ ఆగుతుందో, నష్టం ఎక్కడ మొదలవుతుందో ఆ పిల్లోడికి తెలియలేదు. మీకు డబ్బు పోయేంత మోసం జరిగితే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

నేను ఇప్పటికీ ఆ టీ కొట్టుకి పోతాను. లేచే ముందు కిటికీ కీ, ఎల్. టీ వాడు నన్ను చూసి నవ్వుతాడు, "ఏం అన్నా, తాళం వేసినావా?" అని. ఆ పిల్లోడు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. వచ్చే ఏడాది వాడు కూడా ఆప్షన్లు పెట్టుకోవాలి. మొన్న వచ్చి, "అన్నా, నాకు నువ్వే పెట్టాల" అన్నాడు. పెడతాను అన్నాను. కానీ లాగౌట్ కొట్టేది మాత్రం నువ్వే అని చెప్పాను.

వీడియో అయిపోయింది. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు ఇప్పుడే పోయి ఆ ఒక్క టిక్ పెట్టండి. రెండు నిమిషాల పని. ఉంటాను మరి, మళ్లీ కలుద్దాం.